గట్టుమీది కూరలు

ఈనాటి నా ప్రసంగ విషయము మీకు క్రొత్తది కాదు. పొలము గట్టుమీదను, చెఱువు గర్భమునందును, పెరటిగోడ వెంబడిని ఎవరును విత్తకయే మొలచి, ఎవరును నీరు పెట్టకయే పెరిగి, కోయువారు లేనిచో అట్లే యెండిపోవు కూరలను గూర్చి మాటలాడదలచితిని. వాటి పేర్లు మీలో పలువురు నాకంటె బాగుగ ఎఱుగుదురు. వాటియందు ఏమున్నది, అది మన దేహమునకు ఎట్లు చేరును, ఎవరికి చేరరాదు అను సంగతులు మాత్రము నేను చదివి తెలిసికొన్నంతవఱకు విన్నవించెదను.

ముందుగా నా తప్పొకటి చెప్పుకొనవలెను. ముప్పది యేండ్ల క్రిందట నేను నాగావళి యొడ్డునున్న ఒక పల్లెలో ఉపాధ్యాయుడనై యుంటిని. శ్రావణమాసపు వానలకు బడి యావరణమంతయు పచ్చగా కమ్ముకొనినది. స్వాతంత్ర్యదినోత్సవము దగ్గఱపడుచుండుటచే పిల్లలందఱిని కూడగట్టి, ఆ పచ్చదనమంతయు వేళ్ళతో పెరికించి గోడవారగా కుప్ప వేయించితిని. పరిశుభ్రతను గూర్చి చిన్న యుపన్యాసము కూడ చేసితిని. మఱునాడు దానికి నిప్పు పెట్టింపవలెనని నా సంకల్పము. ఆ మధ్యాహ్నము బడికి నీళ్ళు మోయు ముసలమ్మ ఆ కుప్ప ముందు కూలబడి ఏమో ఏరుకొనుచుండెను. నన్ను చూచి, "ఇదంతా కూరే గదా బాబూ! బుగ్గి సేసేత్తన్నారేటి?" అని యడిగినది. ఆమె చెఱగులో నాలుగు పిడికెళ్ళు వేఱువేఱుగా నుండెను: పొన్నగంటి, గలిజేరు, గంగపాయల, చెంచలి.

నేను అమరకోశమున వనౌషధివర్గమును బాల్యముననే వల్లించినవాడను. పునర్నవకు పర్యాయపదములు నిద్రలో నడిగినను చెప్పగలవాడను. ఐనను నా చెప్పు క్రింద నలుగుచున్న పునర్నవను నేను గుర్తింపలేకపోయితిని. నాకు పేరు తెలియును, మొక్క తెలియదు. ఆమెకు మొక్క తెలియును, శ్లోకము తెలియదు. ఆనాటినుండి ఈ కూరల సంగతి కొంత శ్రద్ధగా విచారించుచు వచ్చితిని.

మన భోజనమును ఒకసారి పరిశీలింతము. మన ప్రాంతమున ఒకప్పుడు తెల్లవారగనే చోడి అంబలి త్రాగి పొలమునకు పోవుట వాడుక. నూఱు గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము, అనగా ఎముకలకు కావలసిన సున్నపు ధాతువు, ఉండును. మఱపట్టిన తెల్లబియ్యమున అదే తూకమునకు పది మిల్లీగ్రాములుండుటయే గొప్ప. ఇనుము ఒక మిల్లీగ్రామునకు లోపు. అంబలి పోయి అన్నము వచ్చినప్పుడు కడుపు నిండినది గాని, రక్తమునకును ఎముకలకును కావలసిన సరకు తగ్గిపోయినది. 2019–21 సంవత్సరములందు జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత యున్నదని తేలినది. ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 63 మందికి. మన యింటి కోడండ్రలోను, మనుమలలోను సగము కంటె ఎక్కువమంది యని దీని యర్థము. ఆయాసము వచ్చుచున్నదని కోడలు చెప్పినచో పనికి బద్ధకమనుకొను అత్తలు నేటికిని కలరు.

ఈ కొఱతను పూరించు ఆకులు ఇంటిచుట్టును ఉండగా మనమేల వాటిని విడిచితిమి? దీనికి నాకు తోచిన కారణమొకటి కలదు. 1866వ సంవత్సరమున గంజాము సీమలో ఘోరమైన కఱవు వచ్చెను. శ్రీకాకుళము, టెక్కలి ప్రాంతములు ఆనాడు గంజాము జిల్లాలోనివే. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు గదా అవి విశాఖపట్టణము జిల్లాలో చేరినవి. అట్టి కఱవులలో ఆకులను, దుంపలను తిని ప్రాణములు నిలుపుకొన్నవారి సంతతివారము మనలో అనేకులము. అందుచేతనే కాబోలు ఈ కూరలకు పేదఱికపు వాసన అంటుకొన్నది. చుట్టము వచ్చిన దినమున వీటిని వండుటకు సిగ్గుపడుదుము. పెండ్లి విస్తరిలో కాబేజీ వడ్డింతురు గాని పొన్నగంటి వడ్డింపరు. తూకమునకు తూకము పోల్చినచో పొన్నగంటిలోని కాల్షియము కాబేజీలోని దానికి ఏడెనిమిది రెట్లకు తక్కువ కాదు.

ఈ లెక్కలు ఎవరు కట్టిరని మీరడుగవచ్చును. నీలగిరులపై కూనూరున రాబర్టు మెక్కారిసన్ అను వైద్యుడు 1918లో ఒక్క గదిలో ఆరంభించిన పరిశోధన క్రమముగా పెరిగి పోషకాహార పరిశోధనశాల యయ్యెను. అచ్చట ఆయన తరువాత అధ్యక్షుడైన ఐక్రాయిడ్ అను నాతడు మన దేశపు తిండిపదార్థములను ఒక్కొక్కటిగా పరీక్షింపజేసి, 1937లో పట్టికలుగా ప్రకటించెను. ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేడు జాతీయ పోషకాహార సంస్థ యను పేర నున్నది. 2017లో వారు సరిక్రొత్త పట్టికలను వెలువరించిరి. నేను చెప్పు అంకెలు చాలవఱకు వారివే.

మునగాకుతో ఆరంభింతము. మునగ కొంత పెరటి చెట్టు, కొంత విడిచిపెట్టిన చెట్టు. అమరము దానిని శోభాంజనమనియు శిగ్రువనియు పేర్కొనినది. నూఱు గ్రాముల ఆకులో 300 మిల్లీగ్రాములకు మించిన కాల్షియమును, ఆఱు గ్రాములకు పైబడిన మాంసకృత్తులును కలవు. ఆవుపాలలో కాల్షియము సుమారు 120 మిల్లీగ్రాములే. అవిసె ఇంకను ఘనమైనది. 900 మిల్లీగ్రాములకు తక్కువ లేదు. ఏకాదశి నాడు ఉపవసించి ద్వాదశి పారణకు అవిసెకూర వండు ఆచారము మీ యిండ్లలో కొందఱికైనను ఉండియుండును. దినమంతయు ఎండిన కడుపునకు ఆ కూరను ఏర్పఱచిన పెద్దలు కాల్షియము పేరు వినియుండరు. చఱకసంహిత సూత్రస్థానమున ఇరువది యేడవ అధ్యాయమున శాకవర్గమని ఒక భాగమే కలదు. ఏ యాకు తేలిక, ఏది బరువు, ఏది విరేచనకారి యని చూచినవారు వారు. వారి తక్కెడ వేఱు, కూనూరువారి తక్కెడ వేఱు. ఒకదానితో తూచినదానిని రెండవదానితో తూచినట్లు చెప్పుట మాత్రము నాకు సమ్మతము కాదు. ఈ రోజులలో ప్రతి యాకునకును "మన ఋషులు ముందే చెప్పిరి" అను తోక తగిలించుట పరిపాటి యైనది.

ఇక కంటి సంగతి. మునగ, అవిసె, తోటకూర మొదలగు ముదురుపచ్చని యాకులలో కెరోటీను అను పదార్థము కలదు. దేహము దానిలో కొంతభాగమును ఏ విటమినుగా మార్చుకొనును. ఈ విటమిను చాలని బిడ్డకు మునిమాపు వేళ కన్ను కనబడదు. దానినే రేచీకటి యందుము. ముదిరినచో కంటిగ్రుడ్డు పొడిబాఱి చూపే పోవును. ఐతే కెరోటీను నీటిలో కరగదు, నూనెలో కరగును. ఒక్క చుక్క నూనె లేకుండ ఆకును ఉడికించి పెట్టినచో అందులోని కెరోటీనులో అధికభాగము వచ్చిన దారినే పోవును. కావున కూరలో ఒక చెంచా నువ్వులనూనెయో, పైన నువ్వులపొడియో ఉండవలెను. నువ్వులపొడి మన ప్రాంతపు వంటకు అలవాటైనదే గనుక ఇది మీకు శ్రమ కాదు.

ఇనుము విషయమున నేను కొన్నేండ్లు పిల్లలకు తప్పు పాఠము చెప్పితిని. దానిని సవరించుకొనవలెను. పూర్వపు పట్టికలలో నూఱు గ్రాముల తోటకూరలో 25 మిల్లీగ్రాములకు పైగా ఇనుమున్నట్లు వ్రాసియుండెను. మేమందఱము దానినే నల్లబల్లపై వ్రాసితిమి. పిమ్మట శాస్త్రజ్ఞులు ఆకులను శుభ్రముగ కడిగి, మెలకువగల పద్ధతులతో మరల పరీక్షింపగా అది సుమారు మూడున్నర మిల్లీగ్రాములే యని తేలినది. తక్కినదంతయు ఆకునకంటిన మట్టిది. ఆ మూడున్నరలోను దేహమున కెక్కునది పదియవ వంతునకు లోపు. వయసులోనున్న స్త్రీ తినవలసిన ఇనుము దినమునకు 29 మిల్లీగ్రాములని నేటి లెక్క. కావున, "ఆకుకూర తినుచున్నాము గదా, ఆశా కార్యకర్త యిచ్చిన ఇనుపమాత్రలు ఎందుకు?" అని గర్భిణులను వారింపకుడు. మాత్ర మాత్రయే, కూర కూరయే. రక్తము చాల తగ్గిపోయినవారిని కూరతో బాగుచేయుదమని నెలలు గడుపుట ప్రమాదకరము.

ఐనను కూరలోని ఆ కొంచెపు ఇనుమును దేహమున కెక్కునట్లు చేయు ఉపాయము మన వంటలోనే యున్నది. సీ విటమిను తోడైనచో ఇనుము ఎక్కువగ గ్రహింపబడును. కూర దించిన పిమ్మట నిమ్మకాయ పిండుట, ప్రక్కన ఉసిరికాయ పచ్చడి పెట్టుకొనుట ఇందుకు ఉత్తమము. పొయ్యిమీద నుండగా పిండిన నిమ్మరసములోని విటమిను వేడికి నశించును. భోజనముతోడనే తేనీరు త్రాగుట ఇందుకు విరోధము; అందులోని వగరు ఇనుమును పట్టి ఉంచివేయును. ఒక గంట ఆగినచో నష్టము తక్కువ. మన పల్లెలలో అంబలి స్థానమును ఆక్రమించినది అన్నము మాత్రమే కాదు, టీ కూడ.

ఆకునకును రక్తమునకును గల మఱొక సంబంధమును తెలిపిన కథలో మన తెలుగువాడు ఒకడు కలడు. 1928 మొదలు కొన్ని సంవత్సరములు లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించినది. వారిలో బట్టలమిల్లులలో పనిచేయు పేదలు పలువురు. ఈస్టు సారము తినిపింపగా వారి రక్తము వృద్ధియగుట ఆమె కనుగొనెను. ఆ గుణము దేనివలన కలిగెనో ఎవరికిని తెలియదు. 1941లో అమెరికాలో కొందఱు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను నలిపి అందుండి ఆ పదార్థమును వేఱుచేసిరి. ఆకునకు లాటిన్ భాషలో గల పేరును బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని నామకరణము చేసిరి, పత్రామ్లమని మనమనవచ్చును. దానిని కర్మాగారమున కృత్రిమముగ తయారుచేయు మార్గమును 1945లో సాధించిన లెడర్లీ పరిశోధకులకు నాయకుడు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలో రెండవ వస్తువు ఇదియే. గర్భము నిలిచిన తొలి వారములలో ఇది చాలనిచో బిడ్డకు వెన్నుపాము లోపము కలుగవచ్చును. ఆకుకూరలలో ఇది సమృద్ధిగా నున్నది గాని, వేడికి కొంత చెడును, ఉడికించిన నీటిలోనికి కొంత దిగును. కాబట్టి ఆరోగ్యవంతులు కూర ఉడికిన నీటిని పాఱబోయక పప్పులో కలుపుకొనవలెను.

ఆరోగ్యవంతులు అంటిని. ఆ మాటను మీరు గుర్తుంచుకొనవలెను; ఏలయన ఇప్పుడు దీనికి సరిగా విరుద్ధమైన మాట చెప్పబోవుచున్నాను.

గంగపాయల, తోటకూర, గలిజేరు, పులిచింత మొదలగు ఆకులలో ఆక్సాలిక్ ఆమ్లము అధికము. పులిచింత నోటికి పుల్లగా నుండుటకు కారణమిదియే. ఇది కాల్షియముతో కలిసి కరగని పొడిగా మారును. అందుచేత పట్టికలో ఎంత కాల్షియమున్నను అందులో కొంత మనకు దక్కదు. మునగాకునకు ఈ దోషము స్వల్పము. ఇది నష్టము మాత్రమే, అపాయము కాదు. పెరుగో మజ్జిగయో కలిపి వండిన గంగపాయలలో ఆ యామ్లము ప్రేగులలోనే కాల్షియముతో ముడిపడి బయటకు పోవును. మజ్జిగపులుసులో గంగపాయల వేయు ఇల్లాండ్రు ఈ రసాయనశాస్త్రము చదువనక్కఱలేదు. ఆ గంగపాయలలో చేపనూనెకు దగ్గఱ చుట్టమైన ఒక మేలిరకపు కొవ్వు కూడ కొంత కలదని తరువాత తెలిసినది. అది ఆకులలో అరుదు.

అపాయము మూత్రపిండముల వ్యాధి యున్నవారికి. మన జిల్లాలో దీనిని గూర్చి మాటలాడక ఆహారమును గూర్చి మాటలాడుట సాధ్యము కాదు. ఉద్దానమున, అనగా కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో ఇంటికొకరు కాకున్నను వీధికి కొందఱైనను ఈ వ్యాధిచే బాధపడుచున్నారు. తెల్లవారక ముందే ఆటోలలో డయాలిసిస్ కేంద్రములకు పోవువారిని మీరు చూచియుందురు. ఆక్సాలిక్ ఆమ్లమును బయటకు పంపవలసినది మూత్రపిండమే. అది బలహీనమైనప్పుడు ఆ స్ఫటికములు అందులోనే నిలిచి మిగిలిన శక్తిని కూడ హరించును. ఆకుకూరలలో మెండుగ నుండు పొటాసియము రక్తమున పేరుకొన్నచో గుండె లయ తప్పి ఆకస్మికముగ ఆగిపోవుటయు కలదు. పుల్లని నక్షత్రపు పండు ఇట్టి రోగుల మెదడునకే విషమగును. ఆరోగ్యవంతునికి అమృతమైన కూర వీరికి మితము తప్పినచో ప్రాణాంతకము. వీరు ఏ కూర ఎంత తినవలెనో వైద్యునడిగియే తినవలెను. తినుమన్నచో సన్నగ తరిగి, విస్తారమైన నీటిలో ఉడికించి, ఆ నీటిని పాఱబోసి తినవలెను. ఇంతకు ముందు పాఱబోయవలదన్న నీరే యిది.

ఇక్కడ మా పండితుల వలన జరుగు కీడొకటి కలదు. పునర్నవకు అమరమున శోథఘ్ని యని పర్యాయము, అనగా వాపును చంపునది. మూత్రపిండములు చెడినవానికి మొదట వచ్చునది కాళ్ళవాపు. వాపునకు గలిజేరు మంచిదని ఎవరో చెప్పుదురు. ప్రతి ఉదయము పచ్చియాకు దంచి గ్లాసెడు రసము త్రాగింతురు. నా దూరపు బంధువొకడు ఈ విధముగనే మండలము దినములు త్రాగెను. ఆసుపత్రికి పోవునప్పటికి చాల ఆలస్యమైనది. ఎంత రసమువలన, ఎంత వ్యాధివలన అని నేను తూచి చెప్పలేను గాని, ఆ సలహా యిచ్చినవారిలో నేనును ఒకడను. ఆయుర్వేద వైద్యులు పునర్నవ వేరును తగిన మాత్రలో, రోగిని చూచుచు వాడుదురు. అది వేఱు, గ్లాసెడు ఆకురసము వేఱు. పైగా మన పల్లెలలో గలిజేరు పేర తెల్లది, ఎఱ్ఱది యని వేఱువేఱు జాతుల మొక్కలు చెలామణి యగుచున్నవి. నేనిచ్చిన సలహా ఏ మొక్కను గూర్చియో నాకే తెలియదు. ఇట్టి చిక్కు నిఘంటువులందును కలదు. మత్స్యాక్షి యను పేరు అమరమున బ్రాహ్మికి చెప్పబడినది. వైద్యులు పొన్నగంటికి చెప్పుదురు. శ్లోకము పట్టుకొని అడవికి పోవుట మంచిది కాదు.

గుండె కవాటములకు శస్త్రచికిత్స చేయించుకొని రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారు సైతము ఆకుకూరలను ఒకదినము మెండుగ, ఒకదినము శూన్యముగ తినరాదు. ఆకులోని కే విటమిను ఆ మందునకు ఎదురు పనిచేయును.

మొక్కను గుర్తించు విద్యను మనకంటె కొండవారు బాగుగ కాపాడుకొన్నారు. సీతంపేట, కురుపాము, గుమ్మలక్ష్మీపురము వైపు సవరలును జాతాపులును వెదురు కొమ్ములను, అడవిదుంపలను, కొండచింత చిగురును సంతకు తెత్తురు. అడవిదుంపలలో చేదుజాతి యొకటి కలదు. దానిని అట్లే తిన్నచో వాంతులు, మైకము, మరణము. వారు దానిని పలుచగ తరిగి, ఉడికించి, పాఱు నీటిలో నానవైచి విషము పోయినదని తేలిన పిమ్మటనే తిందురు. ఎన్ని తరముల యనుభవము, ఎన్ని ప్రాణముల వెలయో ఆ పద్ధతి. సవరభాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు వారి మాటలను వారి నోటనే విని నేర్చుకొనిరి. నా యీ గ్రాంథికమును వారు విన్నచో నవ్వియుందురు. ఐనను మొక్కల విషయమున వారి మార్గమే నాకు శరణ్యమైనది.

మఱునాడు ఆ ముసలమ్మను తరగతిలోనికి పిలిచి కుర్చీ వేయించితిని. ఆమె కుర్చీలో కూర్చుండలేదు. క్రింద కూర్చుండి మొక్కలను పఱచినది. గంగపాయలను పోలినట్లు నేలబాఱు మొక్క మఱొకటి కలదు. ఆమె రెండింటి కాడలను త్రుంచి చూపినది. ఒకదానినుండి నీరు వచ్చెను, రెండవదానినుండి పాలు. పాలు కాఱునది కూర కాదు. గంగపాయల యాకు దళసరి, నున్నన, కాడ ఎఱ్ఱన. నాభి మొక్కను పిల్లలకు పువ్వుతో చూపవలెననియు, పువ్వు లేని కాలమున ఆ దుంపను చూచి తినెడి దుంపయని భ్రమపడుదురనియు చెప్పినది. నిప్పుమంట వంటి ఆ పువ్వు అందమైనది, దుంప ప్రాణము తీయునది. అన్నిటికంటె నాకు నచ్చినదేమనగా, తెలియని మొక్కను నేను తెచ్చి చూపినప్పుడు ఆమె ఊహించి పేరు పెట్టలేదు. "ఇది నానెరగను బాబూ" అని ప్రక్కన పెట్టినది. పండితుల కిది కష్టమైన మాట.

వినాయకచవితికి పత్రి కోయుటకు మనుమలను వెంట తీసికొని పోవుట మీకు వాడుకయే. ఇరువదియొక్క పత్రములలో ఉత్తరేణి, రేగు, మారేడు, వావిలి యున్నట్లే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడ నున్నవి. ఈ కడపటి మూడును విషములు. పూజకు పనికివచ్చునది భోజనమునకు పనికిరాదని పిల్లవానికి చెప్పుటకు ఇంతకంటె మంచి సమయము లేదు. అదే గట్టుమీద తినదగిన కూరను కూడ చూపి, వాని చేతనే త్రుంపించి, వాసన చూపించినచో వాడు మఱవడు.

ఐతే ఆ గట్టుమీద నేడు కూర యున్నదా? కూలీలు దొరకక, దొరికినను కూలి యియ్యజాలక రైతులు గట్లపై కలుపుమందు చల్లుచున్నారు. వారిని నిందించుట నా యుద్దేశము కాదు. నా పొలమునను కౌలుదారు చల్లుచున్నాడు. మందుకొట్టిన గట్టుమీది ఆకు వెంటనే ఎండదు. రెండు మూడు దినములు పచ్చగనే యుండును. ఆ సమయమున కోసినవారికి తెలియదు. కావున మందు చల్లువాడు ఒక కఱ్ఱకు గుడ్డ కట్టి గట్టుమీద పాతినచో మంచిది. కోయువారు పొలము యజమాని నడిగి కోయుట మంచిది. పెద్దరోడ్ల ప్రక్కను, మురుగు కాలువలలోను పెరిగిన తూటికూర, పొన్నగంటి ఎంత నవనవలాడుచున్నను కోయకుడు. నీటిలోని మలినమును అవి పీల్చుకొనును. ఇంటివెనుక రెండు సెంట్ల చోటును మందు తగులకుండ విడిచి, గిన్నెలు తోమిన నీరు కాక బావినీరు ఆ వైపు మళ్ళించినచో పొన్నగంటి కాడలు నాటి సంవత్సరమంతయు కోసికొనవచ్చును. కణుపు మట్టిలో నుంచినచో చాలును, అదియే వేళ్ళూనును.

పండ్లను గూర్చి చెప్పుటకు వ్యవధి చాలదు. రేగు, నేరేడు, వాక్కాయ, ఈతపండు, తాటితేగలు బడిపిల్లల ఉపాహారములుగ నుండెడివి. నేడు వాటి స్థానమున రంగుకాగితపు పొట్లములు వచ్చినవి. ఉసిరి ఒక్కటి మాత్రము చెప్పెదను. నూఱు గ్రాముల ఉసిరిలో సీ విటమిను 250 మిల్లీగ్రాములకు తక్కువ కాదు, కొన్ని పరీక్షలలో 600 వఱకును తేలినది. కార్తికమాసమున వనభోజనము నాడు దాని నీడన కూర్చుండి, ఇంటికి వచ్చి సీసాలోని పానీయమును త్రాగువారిని చూచి నాకు ఆశ్చర్యము కలుగును.

ఎంత తినవలెనని ఒకరు నాకు ఉత్తరము వ్రాసిరి. పెద్దవారికి దినమునకు నూఱు గ్రాముల ఆకుకూర చాలునని పోషకాహార సంస్థవారి మాట. నూఱు గ్రాములనగా కాడలు తీసిన పిమ్మట రెండు చేతుల దోసిలి నిండుగ. ముందు కడిగి పిమ్మట తరుగవలెను. తరిగి కడిగినచో సారము నీటిపాలగును. ఇదివఱకు తినని కూరను మొదటిసారి వండినప్పుడు ఇంటిల్లిపాదియు కడుపునిండ తినక, ఒక్కొక్క ముద్ద తిని ఒక దినము ఆగి చూచుట మేలు.

నాకిచ్చిన వ్యవధి ముగియవచ్చినది. ఆషాఢమాసమున మునగాకు తినవలెనను వాడుకను గూర్చి చెప్పుట మఱచితిని. ఆ మాసమున వానలకు చెట్టు లేతచిగురు వేయును, తోటలలో కాయగూరలు ఇంకను కాపునకు రావు. అందుచేత ఆ వాడుక పుట్టియుండును. ఎక్కువ దొరికినప్పుడు ఆకును కడిగి, తడి యార్చి, ఎండలో కాక నీడలో గుడ్డపై పఱచి ఆరబెట్టుడు. ఎండ తగిలినచో కెరోటీను చెడును. నలిపినప్పుడు గలగలలాడునట్లు ఎండిన పిమ్మట పొడిచేసి, మూత బిగువుగ నున్న డబ్బాలో పోసి చీకటి యల్మరలో నుంచుడు. అంగన్‌వాడికి పోవు పిల్లవాని పప్పన్నములో ఒక చిన్న చెంచా కలిపి, మీద నేతిబొట్టు వేసినచో వాడు రంగు చూచి మొదటి దినము మారాము చేయును. మూడవ దినమునకు తినును. మా మనుమనితో అట్లే జరిగినది.